దరువు వెంట తెర: పాట నడుస్తుండగానే వీడియో అల్లడం ఎలా

హన్మకొండలోనైనా కరీంనగర్‌లోనైనా ఇప్పుడు ఏ సాంస్కృతిక కార్యక్రమానికి పోయినా వేదిక వెనకాల ఎల్‌ఈడీ గోడ కనబడుతుంది. దాని మీద తిరిగేది మాత్రం ఎక్కడ చూసినా ఒకటే: బంగారు రంగు రేణువులు, గుండ్రంగా తిరిగే పద్మం, నడుమ నడుమ స్పాన్సర్ లోగో. ముందు ఒగ్గు డోళ్ళు వేగం పెంచి జనాన్ని లేపుతుంటాయి, వెనక ఆ రేణువులు తమ మానాన తాము రాలుతుంటాయి. ఆ గోడను కూడా ఒక వాయిద్యంలా చేతిలోకి తీసుకుని, పాటతో పాటు అప్పటికప్పుడు నడపాలనుకునే వాళ్ళకు ఈ మార్గదర్శి.

ఈ పని మనకు మరీ కొత్తదేం కాదు. చేర్యాల నకాశీలు గీసిన పటాలను కాకిపడగలు, కూనపులి, డక్కలి లాంటి కథకులు ఊరూరా మోసుకుపోయి, ఎర్రటి నేపథ్యం మీద గీసిన బొమ్మలను ఒక్కొక్కటే విప్పుతూ రాత్రంతా కథ చెప్పేవాళ్ళు. బొమ్మలన్నీ ముందే గీసి ఉంటాయి. ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు చుట్టేయాలి అన్నది మాత్రం ఆ రాత్రి పాట, ఎదురుగా కూర్చున్న జనం తేల్చాలి. లైవ్ వీడియోలో మీరు చేయాల్సింది కూడా అదే. సరుకు ఇంట్లో సిద్ధం చేసుకోండి, కాలాన్ని వేదిక మీదికి వదిలేయండి. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ ఒక్క మాటను ఆచరణలో పెట్టడానికే.

మొదటి మెట్టు: కంప్యూటర్ తెరవక ముందు వినండి

ఎవరితో కలిసి చేయబోతున్నారో వాళ్ళ రికార్డింగో రిహార్సలో సంపాదించి, కాగితం దగ్గర పెట్టుకుని వినండి. రాగం, తాళం పేర్లు తెలియకపోయినా పర్వాలేదు. ఎక్కడ ఉధృతి పెరుగుతోంది, ఎక్కడ మాట మొదలవుతోంది, ఎక్కడ అంతా ఆగిపోతోంది, ఈ మూడు గుర్తు పెట్టుకుంటే చాలు.

ఒగ్గు కథలో పాట, వచనం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. డోలు, తాళాలు మోగేటప్పుడు తెర ఎంత ఆడినా చెల్లుతుంది. కథకుడు వచనంలోకి దిగి మల్లన్న మాటలు చెప్తున్నప్పుడు వెనక ఏదైనా కదిలితే జనం చూపు ఆయన ముఖం మీంచి జారిపోతుంది. అప్పుడు తెరను ఒకే రంగులోకి దించండి, లేదా పూర్తిగా చీకటి చేయండి. కొత్తగా ఈ పనికి వచ్చిన వాళ్ళకు చీకటి అంటే భయం, ఏదో చెడిపోయిందని అనుకుంటారేమోనని. చీకటిని వాడటం రాని వాళ్ళు ఎన్ని క్లిప్పులు పోగేసినా అది స్క్రీన్ సేవరే అవుతుంది.

డప్పుకు ఇంకో లక్షణం ఉంది. దరువు మొదలుకాక ముందే కళాకారులు మంట వేసి డప్పులు కాచుకుంటారు, చర్మం బిగిస్తే గాని మోత రాదు. అసలు ప్రదర్శన అక్కడే మొదలైనట్టు లెక్క. ఆ మంట మీద ఒక కెమెరా పెట్టి, శబ్దం లేకుండా పెద్ద గోడ మీద నిప్పును చూపిస్తే, మొదటి సిర్ర (డప్పు కొట్టే లావు పుల్ల) దెబ్బ పడేసరికి మైదానం మొత్తం మీ వైపు తిరిగి ఉంటుంది.

బతుకమ్మ పాటలో చప్పట్ల లయ స్థిరంగా, నెమ్మదిగా సాగుతుంది. వలయంగా తిరిగే ఆడవాళ్ళను పైనుంచి చూపే కెమెరా ఒక్కటుంటే ఇంకే ఎఫెక్టూ అక్కర్లేదు. వరంగల్ నిట్ స్ప్రింగ్ స్ప్రీ లాంటి కాలేజీ ఫెస్టుల్లో వాయించే బ్యాండ్ క్లిక్ ట్రాక్ (చెవిలో స్థిరంగా మోగే టిక్ టిక్) పెట్టుకుంటే మీ పని సులువు, వాళ్ళ బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలో) అడిగి సాఫ్ట్‌వేర్‌లో వేసుకోవచ్చు. డోళ్ళ దగ్గర ఆ సుఖం ఉండదు. వేగం పెరుగుతూనే పోతుంది, ముగింపుకు ముందు ఇంకా లేస్తుంది.

రెండో మెట్టు: సామాను

గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్, ఎస్ఎస్‌డీ, ఒక మిడి కంట్రోలర్ (సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నడిపే మీటల పెట్టె), ఒక కెమెరా లేదా ఫోన్, ఒక క్యాప్చర్ కార్డు (కెమెరా బొమ్మను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చేది). కంట్రోలర్ కొనలేకపోతే మొదట కీబోర్డుతోనే నేర్చుకోండి, కానీ మౌస్‌తో వేదిక ఎక్కకండి. ఒకేసారి రెండు పనులు మౌస్ చేయలేదు. కోర్గ్ నానోకంట్రోల్ 2 లో 8 ఫేడర్లు (పైకీ కిందికీ జరిపే మీటలు), 8 నాబులు (తిప్పే బుడిపెలు) ఉంటాయి, మొదటి ఏడాదికి అంతకు మించి అవసరం పడదు.

సాఫ్ట్‌వేర్ విషయంలో నా సలహా ఇది. క్లిప్పులు కలిపి నడిపే పనికి రెసొల్యూమ్ ఎవెన్యూ చేతికి తొందరగా అలవాటవుతుంది. డెమో వెర్షన్‌లో తెర మీద దాని లోగో పడుతుంది గాని నేర్చుకోవడానికి అడ్డం లేదు. డబ్బు పెట్టకుండా చేయాలంటే హైడ్రా ఉంది, ఒలీవియా జాక్ రాసిన ఓపెన్ సోర్స్ పరికరం. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, చిన్న చిన్న కోడ్ వాక్యాలతో అలలు, చుక్కలు, కెలైడోస్కోప్ లాంటి ఆకారాలు పుట్టిస్తుంది, కెమెరాను, మైకును కూడా లోపలికి తీసుకుంటుంది. టచ్‌డిజైనర్ ఉచిత వెర్షన్ 1280 బై 1280 పిక్సెళ్ళు దాటనివ్వదు, పైగా డబ్బు తీసుకుని చేసే ప్రోగ్రాములకు అది పనికిరాదు, లైసెన్స్ కొనాలి. మూడూ ఒకేసారి మొదలుపెట్టకండి.

మూడో మెట్టు: బొమ్మలు పోగేయడం

ఇంటర్నెట్‌లో దొరికే లూపులు (తిరిగి తిరిగి ఆడే చిన్న వీడియోలు) తీసుకోకండి. పక్క ఊరి ప్రోగ్రాంలోనూ అవే ఉంటాయి. మన చుట్టూ ఉన్న సరుకు ఎవరి దగ్గరా లేదు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గం ముందు ఒక పూట కూర్చుంటే నాడె అటూ ఇటూ పోవడం, మెట్ల మీద పాదాలు, ఒక్కో పోగుతో పెరిగే ఏటవాలు డిజైన్లు దొరుకుతాయి. లయ ఆ పనిలోనే ఉంది కాబట్టి పాటకు ఇట్టే అతుకుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రాశులు ఎరుపుకు, పత్తి బోరాలు తెలుపుకు. భద్రకాళి చెరువు మీద పొద్దుటి వెలుగు నెమ్మది పాటలకు. గోదావరిఖని వైపు పోతే బొగ్గు నలుపు, దాని మీద మెరుపు.

1163 నాటి వేయిస్తంభాల గుడి, 1213 నాటి రామప్ప లాంటి చోట్ల చేత్తో ఫొటోలు తీసుకోవడం వేరు, స్టాండు వేసి వీడియో తీయడం వేరు. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు, షూటింగుకు ముందే అనుమతి తీసుకోండి. చేర్యాల పటం బొమ్మలు వాడాలంటే గీసిన కళాకారుణ్ణి అడగండి, డబ్బు ఇవ్వండి, తెర మీద పేరు వేయండి. దేవుళ్ళ బొమ్మలను ముక్కలు చేసి వంకర తిప్పే ఎఫెక్టుల్లో పెట్టవద్దని నేను చెప్తాను. ఒగ్గు పూజారి ఎదుట మల్లన్నను కెలైడోస్కోప్‌లో తిప్పితే పాట అక్కడే ఆగిపోతుంది.

తీసేటప్పుడు ఒక్కో షాటును కదలకుండా కనీసం 20 సెకన్లు ఉంచండి. కెమెరా ఊగితే తర్వాత ఏ లయకూ కూర్చోదు. ఒకే వస్తువును దగ్గరగా, మధ్యస్థంగా, దూరంగా మూడు రకాలుగా తీసుకోండి. ఒక ప్రదర్శనకు 25, 30 క్లిప్పులు చాలు. రెండొందలు పెట్టుకున్న మనిషి వేదిక మీద వెతుక్కుంటూనే ఉంటాడు.

తాంబాళం పద్ధతి

కంప్యూటర్‌లో పుట్టించే ఆకారాల కంటే ఇది నాకు ఎక్కువ ఇష్టం, అందుకే కాస్త వివరంగా చెప్తాను. 1960 దశకం చివర న్యూయార్క్‌లో జాషువా లైట్ షో బృందం ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో రాక్ సంగీతం వెనకాల గాజు పళ్ళేల్లో నూనె, రంగు నీళ్ళు కలిపి, ప్రొజెక్టర్‌తో తెర మీదికి వేసేది. ఆ పని ఇప్పుడు ఒక ఫోనుతో చేయొచ్చు, మన వంటింట్లో దానికి ఇంకా మంచి సరుకు ఉంది.

అంచు ఉన్న గాజు పళ్ళెం తీసుకుని రెండు ఇటుకల మీద పెట్టండి. కింద తెల్ల కాగితం, దాని మీద బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ లైటు. నీళ్ళ దగ్గరికి కరెంటు వైరు రానివ్వకండి. పైన స్టాండుకు ఫోను, కెమెరా కిందికి చూసేటట్టు. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి, లేకపోతే మీరు చెయ్యి పెట్టిన ప్రతిసారీ వెలుగు ఎగిరెగిరి పడుతుంది. ఫోనును ల్యాప్‌టాప్‌కు కేబుల్‌తోనే కలపండి. వేల ఫోన్లు ఉన్న మైదానంలో వైఫై మీద ఆధారపడితే సరిగ్గా మంచి ఘట్టంలోనే బొమ్మ ఆగిపోతుంది.

పళ్ళెంలో పసుపు నీళ్ళు పల్చగా పోయండి. తెర నిండా పసుపు పరుచుకుంటుంది. ఇప్పుడు సున్నపు తేట ఒక్క చుక్క వేయండి. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎట్లా పుడతాయో అట్లాగే, చుక్క పడ్డ చోటు నుంచి ఎరుపు పువ్వులా విచ్చుకుంటుంది. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్ళీ పసుపుకు వస్తుంది. అంటే నిమ్మరసం చుక్కతో ఎరుపును వెనక్కి లాగొచ్చు. డోలు దెబ్బకు ఒక సున్నపు చుక్క, పాట చల్లబడినప్పుడు నిమ్మచుక్క: ఏ సాఫ్ట్‌వేర్ కంట్రోలూ ఇంత మెత్తగా స్పందించదు. మంచినూనె నాలుగు చుక్కలు వేస్తే గుండ్రటి కిటికీలు తేలతాయి, పుల్లతో కదిపితే విడిపోయి మళ్ళీ కలుస్తాయి.

ఇద్దరుండాలి దీనికి. తాంబాళం దగ్గరి మనిషి ల్యాప్‌టాప్ ముట్టుకోకూడదు. సున్నం కంట్లో పడితే ప్రమాదం, చెయ్యి కడుక్కోవడానికి బకెట్ నీళ్ళు పక్కనే పెట్టుకోండి. ఇంట్లో ముందుగా చేసి, ఎంత పసుపుకు ఎంత సున్నం పడితే రంగు ఎంత వేగంగా పాకుతుందో చూసుకోండి. సున్నం ఎక్కువైతే పళ్ళెం మొత్తం గోధుమ రంగుకు తిరిగి, ఆడుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు పళ్ళెం మార్చడమే, కాబట్టి రెండోది సిద్ధంగా ఉంచండి.

నాలుగో మెట్టు: ఫైళ్ళను మార్చడం

ఫోను తీసే హెచ్.264 వీడియోలో చాలా ఫ్రేములు పూర్తి బొమ్మలు కావు, పక్క ఫ్రేముతో ఉన్న తేడా మాత్రమే దాచుకుంటాయి. సైజు తగ్గేది అందుకే. వెనక్కి నడపాలన్నా, నడుమకు దూకాలన్నా కంప్యూటర్ తడబడేది కూడా అందుకే. లైవ్‌లో మనం చేసేదంతా వెనక్కి నడపడం, దూకడమే కదా. రెసొల్యూమ్‌తో వచ్చే ఆలీ అనే ప్రోగ్రాంలో క్లిప్పులన్నీ డీఎక్స్‌వీ అనే ఫార్మాట్ లోకి మార్చండి. ఇంకో సాఫ్ట్‌వేర్ వాడితే హ్యాప్ కోడెక్ (అలాంటి ఫార్మాటే) ఉంది. ఫైళ్ళు చాలా పెద్దవి అవుతాయి, ఎస్ఎస్‌డీ అడిగింది దీనికే. క్లిప్పుల్లోని శబ్దం తీసేయండి.

ఐదో మెట్టు: వేళ్ళకు పని అప్పగించడం

మూడు లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు) పెట్టుకోండి. అడుగున నెమ్మదిగా కదిలేవి (నీళ్ళు, పొగ, పత్తి), నడుమ లయ ఉన్నవి (మగ్గం, పాదాలు, చేతులు), పైన లైవ్ కెమెరా. కంట్రోలర్‌లో మొదటి మూడు ఫేడర్లు వాటి వెలుగుకు, నాలుగోది నడుమ లేయర్ వేగానికి, ఐదోది ఫీడ్‌బ్యాక్‌కు, చివరి ఫేడర్ మొత్తం చీకటికి. ఈ చివరిదానికి రంగు టేపు అంటించి, అన్ని ప్రదర్శనల్లో అదే చోట ఉంచండి.

ఫీడ్‌బ్యాక్ అంటే వెళ్ళిన బొమ్మను కొంచెం పెద్దదిగానో పక్కకు జరిపో మళ్ళీ అదే బొమ్మలో కలపడం. కదిలిన చెయ్యి వెనకాల తోకలా ఛాయలు సాగుతాయి. దీనికి అందం కాకుండా ఇంకో ఉపయోగం కూడా ఉంది. కెమెరా, క్యాప్చర్ కార్డు, ల్యాప్‌టాప్, ఎల్‌ఈడీ ప్రాసెసర్ అన్నీ దాటి వచ్చేసరికి బొమ్మ కొన్ని ఫ్రేములు ఆలస్యమవుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. డప్పు కళాకారుడి చెయ్యి ముందు పడి, గోడ మీద తర్వాత పడితే కంటికి ఇబ్బందే. ఛాయలు సాగే బొమ్మలో ఆ ఆలస్యం కనబడదు.

సాధన చేసే పద్ధతి: ఒకే క్లిప్పు, ఒకే ఫేడర్, ఒక పూర్తి పాట. ఇంకేదీ ముట్టుకోకూడదు. విసుగు పుడుతుంది, కానీ ఒక్క ఫేడర్‌తో పాటను మోయడం వచ్చాకే రెండోది కలపండి.

ఆరో మెట్టు: కంప్యూటర్‌కు పాట వినిపించడం

ల్యాప్‌టాప్‌లోని మైకును నమ్మకండి. దానికి జనం ఈలలు, జనరేటర్ మోత అన్నీ ఒకటే. సౌండ్ ఇంజినీర్‌ను ముందు రోజే కలిసి మిక్సర్ నుంచి ఒక ఆక్స్ లైన్ (విడిగా శబ్దం పంపే దారి) అడగండి. డోలు మైకు మాత్రమే అందులో పంపమని చెప్పండి, గొంతు వద్దు. హమ్ (కరెంటు రొద) వస్తే నడుమ ఐసొలేషన్ ఉన్న డీఐ బాక్స్ (ఆ రొదను అడ్డుకునే చిన్న పెట్టె) పెట్టాలి. లైన్ దొరకకపోతే ఒక కాలర్ మైకు డోలుకు దగ్గర్లో కట్టినా పని జరుగుతుంది.

సాఫ్ట్‌వేర్ ఈ శబ్దాన్ని కింది, నడిమి, పై బాండ్లుగా (స్వర స్థాయిలుగా) విడగొడుతుంది. డోలు గుమ్మనే మోత కింది బాండ్‌లో, పుల్ల దెబ్బ చురుకు పై బాండ్‌లో దొరుకుతుంది. కింది బాండ్‌కు బొమ్మ సైజును, పై బాండ్‌కు మెరుపును కట్టండి. స్పందన సగానికి మించకుండా చూడండి. ప్రతి దెబ్బకూ తెర ఎగిరితే రెండు నిమిషాల్లో జనం దాన్ని చూడటం మానేస్తారు. ఆటోమేటిక్ బీపీఎం జోలికి జానపదంలో పోకండి. వేగం మారినప్పుడల్లా దరువుతో పాటు ట్యాప్ బటన్ నాలుగుసార్లు కొట్టడమే నమ్మకమైన పని.

ఒక హెచ్చరిక. తెర మొత్తం సెకనుకు మూడుసార్ల కంటే ఎక్కువ మెరిస్తే, అందులోనూ ముదురు ఎరుపు అయితే, కొంతమందికి మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. దరువు ఎంత వేగంగా ఉన్నా ఈ హద్దు దాటొద్దు.

ఏడో మెట్టు: గోడ కొలత

ఎల్‌ఈడీ వాళ్ళు అడుగుల్లో మాట్లాడతారు, మీకు కావాల్సింది పిక్సెళ్ళు. ఫోన్‌లో సంభాషణ ఇట్లా సాగాలి.

"తమ్మీ, గోడ ఎంత వస్తది?"

"పదమూడు బై పది అన్నా."

"పిచ్ ఎంత? అడ్డం ఎన్ని క్యాబినెట్లు, నిలువు ఎన్ని?"

"పీ 3.91 అన్నా. ఎనిమిది, ఆరు."

పిచ్ అంటే పక్కపక్క చుక్కల నడుమ దూరం, మిల్లీమీటర్లలో; క్యాబినెట్ అంటే గోడను పేర్చే పలక. అర మీటరు క్యాబినెట్‌లో పీ 3.91 అయితే అడ్డం 128, నిలువు 128 పిక్సెళ్ళు. ఎనిమిది, ఆరు అంటే 1024 బై 768. సాఫ్ట్‌వేర్‌లో మీ కంపోజిషన్ (మొత్తం బొమ్మ కొలత) సరిగ్గా అంతే పెట్టుకుంటే కంప్యూటర్‌కు బరువు తగ్గుతుంది, బొమ్మ కోసుకుపోదు. ఇంత పెద్ద గోడకు ఇంత తక్కువ పిక్సెళ్ళా అనిపిస్తుంది. అందుకే సన్నని గీతలు, చిన్న అక్షరాలు పెట్టకూడదు.

ఖిలా వరంగల్ లాంటి ఆరుబయట ఎల్‌ఈడీయే దిక్కు. కాళోజీ కళాక్షేత్రం లాంటి లోపలి హాళ్ళలో మంచి ప్రొజెక్టర్ దొరికితే అదే తీసుకోండి, ఆ వెలుగు మెత్తగా ఉంటుంది. త్రో రేషియో (దూరానికీ బొమ్మ వెడల్పుకీ ఉన్న నిష్పత్తి) 1.5 అయితే 4 మీటర్ల వెడల్పు బొమ్మకు 6 మీటర్ల దూరం కావాలి. పేరిణి లాంటి నాట్యమైతే ఎదురుగా వేసిన ప్రొజెక్టర్ బొమ్మ నర్తకుల ఒంటి మీదే పడుతుంది, తెర వెనక నుంచి వేసే వీలుందేమో చూడండి.

ఎనిమిదో మెట్టు: ఆ సాయంత్రం

వెలుతురు ఉండగానే చేరుకోండి. హెచ్‌డీఎంఐ కేబుల్ 15 మీటర్లు దాటితే మామూలుది నమ్మలేం, ఆప్టికల్ కేబులో క్యాట్ 6 ఎక్స్‌టెండరో అడగండి. డిస్‌ప్లేను డూప్లికేట్‌లో కాకుండా ఎక్స్‌టెండ్‌లో పెట్టండి, లేకపోతే మీ వాట్సాప్ మెసేజ్ మైదానం మొత్తం చదువుతుంది. నోటిఫికేషన్లు, అప్‌డేట్లు, స్లీప్ మోడ్ ఆపేయండి. కెమెరా సెట్టింగుల్లో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ పెట్టి, షటర్ 1/50 చేయండి. 60 లో ఉంటే లైట్ల కింద పట్టీలు పాకుతాయి. కెమెరా ఎల్‌ఈడీ గోడను చూస్తే అలల్లాంటి గీతలు వస్తాయి, ఫోకస్ కళాకారుడి మీదే ఉంచి గోడను కొద్దిగా మసకబారనివ్వండి.

చీకటి పడ్డాక గోడ వెలుగు తగ్గించమని ఎల్‌ఈడీ ఆపరేటర్‌ను అడగండి. పగటి వెలుగుకు పెట్టిన స్థాయిలోనే వదిలేస్తే ముందు నిలబడ్డ వాళ్ళు నల్లటి నీడలైపోతారు. ముఖాల మీద ముందు నుంచి ఒక లైటు తప్పనిసరి. నిర్వాహకులతో స్పాన్సర్ లోగోల సంగతి అక్కడే తేల్చుకోండి: పాటల నడుమ వేస్తాను, పాటలో వేయను అని.

మీరు కూర్చునే చోటు నుంచి డోలు కళాకారుడి చేతులు కనబడాలి. ఇది దేనికీ వదులుకోవద్దు. వేగం పెంచబోయే ముందు ఆయన భుజం లేస్తుంది, పక్కవాళ్ళ వైపు చూస్తాడు. చెవికి అందే లోపే కంటికి తెలుస్తుంది. సౌండ్ కన్సోల్ పక్కన, 30 మీటర్ల వెనక కూర్చుంటే శబ్దం మీ దాకా రావడానికే దాదాపు 90 మిల్లీసెకన్లు పడుతుంది, మీ చెయ్యి ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. వేదిక పక్కనే చోటు అడగండి.

పాట మొదలయ్యాక మొదటి నిమిషం ఏమీ చేయకండి, ఒక రంగు చాలు. తర్వాత ఒక మార్పు, దాన్ని పాట అడిగినంత సేపు ఉంచడం, మళ్ళీ ఒక మార్పు. తడబడితే ఆ తడబాటును ఇంకోసారి చేయండి, రెండోసారికి అది కావాలని చేసినట్టే ఉంటుంది. కరెంటు పోయి గోడ ఆరిపోతే కంగారుపడి కేబుళ్ళు లాగకండి. జనరేటర్ అందుకున్నాక ప్రాసెసర్ తిరిగి లేవడానికి కొంత టైం పడుతుంది, ఈలోపు ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. రంగు టేపు అంటించిన ఆ చివరి ఫేడర్ కిందికి దించి ఉంచి, గోడ లేచాక నెమ్మదిగా పైకి తీయండి.

అవుట్‌పుట్ రికార్డింగ్ మొదటి నుంచీ నడవనివ్వండి. ప్రోగ్రాం అయిపోయాక ఆ ఫైలును మిక్సర్ ఆడియోతో కలిపి కళాకారులకు పంపండి. వాళ్ళు చూసి "ఆ పసుపు వచ్చిన కాడ ఇంకొంచెం ఆగాల్సింది" అంటే రాసుకోండి, తర్వాతి రిహార్సల్ అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.